నూరు చేతుల గొలుసు

అంగారకుడి మీద ఇంటి పైకప్పు దగ్గర్నుంచి మంచినీళ్ల గొట్టం దాకా అన్నీ పాలిమర్లే. అయినా 2096లో అక్కడి పాలిటెక్నిక్ పిల్లల్ని "పాలిమర్ అంటే ఏమిట్రా?" అనడిగితే నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. అందుకే లెక్చరర్ పైడితల్లి ఏడేళ్లు కిందామీదా పడి అణుకోటు కనిపెట్టింది.

అది తొడుక్కున్నవాడు మోనోమర్, అంటే ఒంటి అణువు. రసాయని అనే యంత్రం మొదటివాడి కోటులో ఓ తపన పుట్టిస్తుంది. పక్కవాడి చెయ్యి పట్టుకునేదాకా వాడికి నిలకడుండదు. పట్టుకోగానే తపన ఆ పక్కవాడికి పాకుతుంది. ఫ్రీ రాడికల్, అంటే జత కోసం తహతహలాడే అణువు, చేసే పని అదే. అలా చేయీ చేయీ కలిసి పెరిగిన గొలుసే పాలిమర్. కోటు ముసుగు బిగించాక చెవికేమీ వినపడదు, మాట కూడా చేతిలోంచి చేతిలోకే వెళ్లాలి.

ఆ రోజు తనిఖీ. తొంభైతొమ్మిది మంది పిల్లలు, వరస చివర కోటు తొడుక్కుని ఇన్‌స్పెక్టర్ రహంతుల్లా గారు. గొలుసు కుదరకపోతే పాలిమర్ కోర్సు ఎత్తేస్తారు.

గొలుసు పదకొండో మనిషి దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలెడితే తొమ్మిదే.

"ఏమైందే రసాయనీ?"

"కోట్లు బాగానే లాగుతున్నాయి మేడం. వీళ్లే 'ముందు మీరు కానివ్వండి' అని సైగలు చేసుకుంటున్నారు. గొలుసును ఆపే ఈ నిరోధకం పేరు నా జాబితాలో లేదు."

"మొహమాటం తల్లీ అది! నీ జాబితా రాసినవాళ్లు మనవాళ్లు కారు."

పైడితల్లి గబగబా వెళ్లి మొదటి పిల్ల నూకరత్నం చెయ్యి పట్టుకుంది. "ఇన్‌స్పెక్టర్ గారు మనల్ని పాస్ చేసేశారట. ఎవరికీ చెప్పకేం!"

ఇంకేముంది! చెప్పొద్దన్న మాట కడుపులో దాగుతుందా? నూకరత్నం పక్కవాడి చెయ్యి లటుక్కున పట్టుకుంది. ఇరవై, యాభై, తొంభై... రెండు నిమిషాల్లో గొలుసు వరస చివరికి చేరింది.

అప్పుడు నాలిక్కరుచుకుంది పైడితల్లి. హడావిడిలో చివరున్నది ఎవరో మరిచేపోయింది! 'అయిపోయింది నా పని' అనుకుంది.

కబురు విన్న రహంతుల్లా గారు కళ్లు పెద్దవి చేశారు. గొలుసును ఆ కొస నుంచి ఈ కొసకి చూసుకుని మురిసిపోయారు. కానీ కోటు నిలవనిస్తేగా! పట్టుకోడానికి అవతల ఇంకెవరూ లేరు. కాసేపు కాలుగాలిన పిల్లిలా అటూఇటూ తిరిగి, ముసుగు తీసి, భూమి మీదున్న పై అధికారికి కబురు పెట్టారు.

"సార్, అప్పుడే ఎవరితోనూ అనకండి. ఇక్కడి కోర్సుని పాస్ చేసేశాను."

పైడితల్లి నిలబడ్డచోటే కూలబడి పకపకా నవ్వింది.

గంట తిరక్కుండా భూమి నుంచి పదిహేడు అభినందనలొచ్చాయి. రసాయని ఒక్కొక్కటే చదివి వినిపించింది. అన్నిటి చివరా ఒకటే మాట: నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి.