చేతులు ఆగమన్నాయి, కాళ్లు పొమ్మన్నాయి

ఆ గురువారం పొద్దున చెన్నయ్య ఇంట్లో ఉన్నది ఆరుగురు. వసారాలో కొత్త చాప మీద, వరపూజకని వనపర్తి నుంచి వచ్చిన పెళ్లికూతురు రజని తండ్రి, ఆమె మేనమామ. వాళ్లకెదురుగా చెన్నయ్య. వంటింట్లో పాయసం కలియబెడుతూ అతని భార్య సత్తెమ్మ, ఆమెకు సాయంగా పక్కింటి తిరుపతమ్మ. పీట మీద, మెడలో దండతో, వాళ్ల కొడుకు వంశీ. వెనక కొట్టంలోని బూడిదరంగు గుర్రం మబ్బును కూడా కలిపితే ఏడు.

శ్రీవాణి ఆ లెక్కలో లేదు. అప్పటికామె గద్వాల వీధుల్లో పడి పరుగెత్తుకుంటూ వస్తోంది.

వంశీతో ఆమె పరిచయం ఆరు నెలల కిందట, ఆమె గుర్రం మీద నుంచి పడటంతో మొదలైంది.

వంశీ హైదరాబాదులో స్వారీ నేర్పే చోట నాలుగేళ్లు పనిచేసి వచ్చి, తండ్రి పల్లిచేను పక్కనున్న ఖాళీ జాగలో బోర్డు పెట్టాడు. నేర్చుకోవడానికి వచ్చిన ఒకే ఒక్క ఆడపిల్ల శ్రీవాణి. డిగ్రీ అయిపోయి, ఇంట్లో చీరలు నేస్తోంది.

"ఎందుకు నేర్చుకుంటరు మేడం? పోలీసు సెలెక్షనా?"

"కాదు సార్. రోజూ మగ్గం గుంతల కూసుంటున్న. ఒక్కసారి ఎత్తు మీద కూసుందామని."

వంశీ నవ్వలేదు. అది ఆమెకు నచ్చింది.

చిన్నపిల్లలను బుద్ధిగా మోసే మబ్బు, శ్రీవాణి ఎక్కిన అయిదు నిమిషాలకే తల విదిలించేది, గుండ్రంగా తిరిగేది. మూడుసార్లు ఆమెను పల్లిచేనులో పడేసింది.

"దానికి నేనంటే కోపం," అంది ఆమె, జుట్టులోంచి పల్లి ఆకులు తీసుకుంటూ.

"కోపం కాదు, పరేషాన్. ఎందుకో నాకూ తెల్వదు. ఇంకొక్కసారి పడితే మాత్రం ఆ చేను నీ పేరు మీదనే రాసిస్త."

అతడు కళ్ళెం మార్చి చూశాడు. జీను వదులు చేసి చూశాడు. లాభం లేకపోయింది.

ఒక ఆదివారం ఆమె మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాడు. శ్రీవాణి గుంతలో కాళ్లు పెట్టి నేస్తోంది. తండ్రి అనంతయ్య పక్కన కూర్చుని అంచు దారం అందిస్తున్నాడు. ఆయనకు మోకాళ్లు పోయి రెండేళ్లయింది. ఆ మగ్గానికి ఇప్పుడు కాళ్లు ఆమే.

వంశీ గడపలోనే నిలబడి చూసి, ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు.

"దొరికింది! చెయ్యి గుంజినప్పుడల్లా కాలు తొక్కుతున్నవ్. గుర్రం మీద గూడ గట్లనే చేస్తున్నవ్. పగ్గం గుంజితే ఆగమని. మడమ తాకితే పొమ్మని. రెండూ ఒక్కసారే చెప్తే అదేం చెయ్యాలె పాపం?"

అనంతయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. శ్రీవాణి గుంతలోకి ఇంకాస్త దిగిపోయింది.

ఆ తర్వాత పది రోజులు వంశీ ఆమెను చేతులు కట్టుకోమని, తానే మబ్బును పట్టుకొని నడిపించాడు. పదకొండో రోజు వాన పడుతుంటే ఆమె ఒక్కతే జాగంతా చుట్టి వచ్చింది. కనురెప్పల మీద చినుకులు, పెదవుల మీద దాచుకోలేని నవ్వు. వంశీ పగ్గం అందుకుంటూ అడిగేశాడు.

"వాణీ, మీ నాయిననడుగుదునా?"

"ఒద్దు."

"సరే." గుర్రాన్ని తీసుకొని నడవబోయాడు.

"పోతున్నవా?"

"ఒద్దంటివి గద."

"పొమ్మనలే గద."

వంశీ వానలోనే నిలబడి నవ్వాడు. "మళ్ల చేతులూ కాళ్లూ కలిపినవ్ సూడు."

ఆమె క్లాసుకు రావడం మానేసింది. కానీ ప్రతి ఆదివారం మబ్బుకని బెల్లం పంపేది. అతడు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. చేయకపోతే ఏడ్చేది. తాను వెళ్లిపోతే తండ్రి మగ్గం ఆగిపోతుందన్న మాట గొంతు దాటేది కాదు.

చివరికి సోమవారం అతని మెసేజ్ వచ్చింది. "వనపర్తి సంబంధపోళ్లు గురువారం వస్తున్నరు. బుధవారం దాక చూస్త. ఒక్క మాట చెప్పు. ఆగు అను, లేకుంటే పో అను."

"ఆగు" అని రాసింది. తండ్రి గోడ పట్టుకొని లేవడం చూసి చెరిపేసింది.

గురువారం పొద్దున దారం మూడుసార్లు తెగింది. "ఏందే బిడ్డా?" అని తండ్రి అడిగేసరికి ఏడుపు, మాట ఒక్కసారే బయటికొచ్చాయి.

"పిచ్చిదానా! నా మోకాళ్లకు నిన్ను కట్టేసుకుంటనా? మల్లయ్య కొడుకు పని కోసం తిరుగుతుండు, మగ్గం మీద కూసోబెట్టుకుంట. మొదలే చెప్పొద్దా? ఉరుకు!"

ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు.

చెన్నయ్య ఇంటి ముందుకు రాగానే కొట్టంలోంచి మబ్బు సకిలించింది. ఆ సకిలింపు విని వంశీ తలుపు దాకా వచ్చాడు. నుదుట తడి ఆరని బొట్టు, దానికి అంటుకున్న బియ్యపు గింజలు.

"మబ్బును చూసిపోదామని..." అంది శ్రీవాణి.

అతడు ఆమె దుమ్ము పాదాలను చూశాడు. "నిజం చెప్పు."

"నాయిన సరేనన్నడు."

వంశీ తలుపు చెక్క పట్టుకున్నాడు. "నిన్న పొద్దుగూకేదాక ఫోన్ చేతులనే పెట్టుకున్న, వాణీ."

"రాసిన. చెరిపేసిన."

"ఇప్పుడే రజని వాళ్ల నాయిన ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పిండు, బొట్టు పెట్టినమని. అవతల నవ్వు నాకు గూడ వినపడ్డది. ఆ నవ్వును ఎట్ల వాపస్ తీసుకోవాలె?"



"ఎవరు బిడ్డా?" లోపలి నుంచి సత్తెమ్మ అడిగింది.

"క్లాసుకొచ్చే పిల్ల, అమ్మా."



"పో వాణీ," అన్నాడు చాలా మెల్లగా. తలుపు మూయబోయాడు. అది సగంలోనే ఆగింది. కింద, తలుపుకు అడ్డంగా, అతని కాలే ఉంది.

శ్రీవాణి దాన్ని చూసింది. జీవితంలో మొదటిసారి ఆమె చేతులు, కాళ్లు రెండూ కదలకుండా ఉన్నాయి.

"కాలు తియ్యి, వంశీ," అంది.

అతడు తీశాడు. తలుపు మూశాడు.