సేలే ఒడ్డున ఆఖరు సైకిలు

ఒడీల్‌కి ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. యాభై ఏళ్లు వస్తున్నా భోజనం మధ్యలో రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్లొస్తే గాని ముద్ద దిగని మనిషి. అలాంటిదానికి మోంబ్రాక్ సైకిల్ క్లబ్బు వాళ్లు ఏటా నవంబరు సవారీలో ఆఖరు బండి పని అప్పగిస్తారు. అందరికన్నా వెనక, అందరికన్నా మెల్లగా రావాలి. కాలుగాలిన పిల్లికి కాపలా పని ఇచ్చినట్టుందని ఆమె తమ్ముడు నోర్బేర్ ప్రతి ఏడూ నవ్వుతూనే ఉంటాడు.

పని చిన్నదేమీ కాదు. ముందు రోజు క్లబ్బు వాళ్లు సేలే నది వెంబడి, కొండ మీది పాత పావురాల గూళ్ల పక్కగా, వాల్‌నట్ తోటల మధ్యగా దారి పొడుగునా పసుపు బాణాలు గుచ్చి పెడతారు. ఆఖరి మనిషి దాటిపోయాక వాటిని పీకి సంచిలో వేసుకుంటూ రావాలి. వదిలేస్తే రైతులు ఊరుకోరు, అడవిపందుల వేటగాళ్లు అసలే ఊరుకోరు. దీనికి ఒకటే నియమం. ఆఖరు బండి వెనక మనిషన్నవాడు మిగలకూడదు. దారిలో ఎవరు తగిలినా "వెనక ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. "లేరు, నేనే ఆఖరు" అంటే పక్కకి జరిగి, వాళ్లని ముందుకి పోనిచ్చి, తను వెనకపడాలి. ఇన్నేళ్లలో ఒడీల్ ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు పక్కకి జరిగిందో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా పక్కకి జరిగేదే.

ఈ ఏడు నోర్బేర్ కూడా ఆమెతో వచ్చాడు. పోయిన చలికాలం అతని గుండె ఒకసారి ఆగి, మళ్లీ కొట్టుకుంది. మోటారు ఉన్న సైకిలైతే తొక్కొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు గాని, అతని పెళ్లాం సోలాంజ్ ఒప్పుకోవడానికి వారం పట్టింది.

"నీ మాట మీద పంపిస్తున్నాను వదినా," అంది పొద్దున. "మళ్లీ ఇంటికి తెచ్చే పూచీ నీదే. తర్వాత అలా అయింది, ఇలా అయింది అంటే నేను వినను."

"నీ మొగుడికి మోటారుంది. తోయాల్సి వస్తే నన్నే తోయాలి," అని నవ్వేసింది ఒడీల్. కానీ సోలాంజ్ మాట ఆమె గుండెల్లో రాయిలా కూర్చుంది. ఆ ఆసుపత్రి రాత్రి ఆమె ఇంకా మర్చిపోలేదు. ఉన్నది ఒక్కడే తమ్ముడు.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. వెనకబడ్డవాళ్లలో చివరివాడు ఒక లావుపాటి మందుల షాపాయన. కొండ దిగేచోట ఆయన సైకిలు గొలుసు తెగింది. భార్య కారు తీసుకొచ్చి, తిట్టుకుంటూ ఎక్కించుకుపోయింది. ఆయన తర్వాత ఇక ఎవరూ లేరు. ఒడీల్ తన కళ్లతో చూసింది.

"ఏమే అక్కా, అయిపోయినట్టే," అన్నాడు నోర్బేర్. "నేను ముందుకెళ్లి నది ఒడ్డు పాత మిల్లు దగ్గర మనవాళ్లు కట్టిన రిబ్బన్లు విప్పుతా. నువ్వు ఈ కొండ కింది దారి ముగించుకుని రా."

"మోటారు ఉందని ఎగరకు."

"ముసలమ్మ కబుర్లు చెప్పకు. మిల్లు దగ్గర కూర్చుంటాలే." అతను వెళ్లిపోయాడు.

ఆ కొండ కింది దారి సన్నంగా ఉంటుంది. ఒక పక్క సున్నపురాయి గోడలా నిలబడి ఉంటుంది, ఇంకో పక్క నది. పూర్వం పడవల్ని తాళ్లతో లాగే మనుషులు నడవడానికి కొండని తొలిచి చేసిన దారి అది. సాయంత్రం నాలుగు దాటేసరికి నది మీద నుంచి పొగమంచు లేచింది. మొదట నీళ్ల మీద, తర్వాత ఒడ్డు మీద, తర్వాత ఆమె మోకాళ్ల దాకా. కుళ్లిన ఆకుల వాసన. తడి రాయి వాసన. ఎక్కడో దూరాన వేటకుక్క ఒకటి మొరిగి ఆగిపోయింది. ఒడీల్ దిగి బాణం పీకడం, ఎక్కి నాలుగు తొక్కులు తొక్కడం, మళ్లీ దిగడం. చేతులు పని చేస్తున్నాయి గాని మనసు మిల్లు దగ్గర ఉంది. వాడు ఒక్కడే ఉన్నాడు. తోడు లేకుండా ఎందుకు పంపానా అని తనని తనే తిట్టుకుంది.

అప్పుడు వినిపించింది.

టిక్... టిక్... టిక్... తొక్కకుండా వదిలేసిన సైకిలు వెనక చక్రం చేసే చప్పుడు. వెనక నుంచి.

ఆమె ఆగింది. చప్పుడు మరో రెండు క్షణాలు సాగి, అప్పుడు ఆగింది. కొండ గోడకి తగిలి తన చప్పుడే తిరిగొస్తోందనుకుంది. మళ్లీ కదిలింది. మళ్లీ టిక్... టిక్... ఈసారి దగ్గరగా.

"వెనక ఎవరైనా ఉన్నారా?"

భయంతో అడగలేదు. అలవాటుకొద్దీ నోటి నుంచి వచ్చేసింది. మంచులోంచి మెల్లగా జవాబు వచ్చింది.

"లేరు... నేనే ఆఖరు."

ఆడగొంతో మగగొంతో తెలియలేదు. జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది. ఒడీల్ చేసిన పని ఏమిటంటే, ఇన్నేళ్లుగా చేస్తున్నదే. సైకిలు కొండ గోడకి ఆనించి, తనూ రాయికి అంటుకుని నిలబడి, "ముందుకి పదండి, నేను వెనకొస్తాను," అంది.

ఆ సైకిలు ఆమె పక్కగా వెళ్లింది. దీపం లేదు. ఆ మనిషి మొహం నది వైపు తిప్పి ఉంది. భుజాల మీంచి నీళ్లు కారుతున్నాయి. వర్షం పడలేదు. వెళ్లేటప్పుడు నది అడుగు బురద వాసన గుప్పుమంది. టిక్... టిక్... మంచు మూసుకుంది.

ఆ తర్వాతే ఆమెకి బుర్ర పనిచేసింది. వెనక బాణాలన్నీ తనే పీకేసింది. మందుల షాపాయన వెనక మనిషి లేడు. ఎవరూ లేని చోటు నుంచి వచ్చినదాన్ని మర్యాదగా పక్కకి జరిగి ముందుకి పంపింది... తమ్ముడి దగ్గరికి.

సంచి అక్కడే పడేసి సైకిలెక్కింది. రాళ్లు, చెట్ల వేళ్లు, బురద, ఏదీ చూడలేదు. ముందు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె గట్టిగా తొక్కితే గట్టిగా... మెల్లగా తొక్కితే మెల్లగా... ఎంత తొక్కినా అంతే దూరం.

మిల్లు దగ్గరి ఆనకట్ట హోరు మొదలైంది. ఆ హోరులోంచి నోర్బేర్ గొంతు.

"అక్కా, నువ్వేనా? వెనక ఎవరైనా ఉన్నారా?"

"లేరురా. నేనే ఆఖరు."

ఆ జవాబు ఒడీల్ చెప్పింది కాదు. అది తన గొంతు. అచ్చం తనదే. వాడిని 'రా' అని పిలిచేటప్పుడు కొంచెం సాగదీసే తీరుతో సహా.

"నోర్బేర్! అది నేను కాదురా! దానితో మాట్లాడకు!"

నీళ్ల హోరు ఆ కేకని మింగేసింది. అవతల ఏదో గుసగుస. తర్వాత తమ్ముడు నవ్వడం వినిపించింది.

ఆమె మిల్లు దగ్గరికి చేరేసరికి నోర్బేర్ ఒక్కడే పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. మొహం మామూలుగానే ఉంది. ఒడీల్ సైకిలు వదిలేసి అతని భుజాలు పట్టుకుంది. ఏడుపు వచ్చేసింది.

"ఏమైందే నీకు?" అన్నాడు అతను. "ఇప్పుడే కదా ఇటు వచ్చావు. మళ్లీ వెనక్కెప్పుడు వెళ్లావు?"

"నేను... ఏమన్నాన్రా నీతో?"

"మర్చిపోయావా? అలిసిపోయానన్నావు. ఎన్నాళ్లనుంచో వెనకే వస్తున్నానన్నావు. ఇకమీద ఆఖరుగా నువ్వుంటావా అని అడిగావు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను. అక్క అడిగితే కాదంటానా?" అతను కుడిచెయ్యి తొడకి రుద్దుకుంటున్నాడు. "చేతిలో చెయ్యి కూడా వేయించుకున్నావు. నీ చేతులేంటే, అంత చల్లగా ఉన్నాయి?"

ఆ గుండెకి ఈ మాట ఎలా చెప్పడం? "పద," అంది. "ముందు నువ్వు నడువు."

"నువ్వు పదక్కా."

"నువ్వే ముందు."

అతను సైకిలు నడిపించుకుంటూ ముందుకి కదిలాడు. పది అడుగులు వేసి, బూటు లేసు ఊడిందన్నాడు. ఆమె దాటింది. మళ్లీ అతన్ని ముందుకి తోసింది. మళ్లీ ఏదో వంక. ఆమె గలగలా మాట్లాడుతూనే ఉంది, అతనిచేత జవాబు చెప్పిస్తూనే ఉంది. "ఊఁ" అనే ఆ మాట ప్రతిసారీ ఇంకొంచెం దూరం నుంచి వచ్చేది. వెనక్కి చూస్తే మాత్రం పక్కనే ఉండేవాడు.

సవారీ ముగిసే ఊరి హాల్లో వెచ్చగా ఉంది, వెల్లుల్లి సూపు వాసన, తడి బట్టల వాసన, నవ్వులు. క్లబ్బు పెద్ద ఎమిల్యెన్ పెద్ద గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. నోర్బేర్ వరసలో నిలబడ్డాడు. వెనక ఎవరొచ్చినా పక్కకి జరిగి, "మీరు పదండి," అనేవాడు. వాళ్లు పోయించుకుని వెళ్లేవాళ్లు. ఇంకొకరు వచ్చేవాళ్లు.

"ఏరా, పెళ్లికొడుకా," అని ఎమిల్యెన్ అరిచాడు. "గిన్నె అడుగు గీకి పోయమంటావా? ముందుకి రా!"

"అందరిదీ కానీండి," అన్నాడు నోర్బేర్ నెమ్మదిగా. సూపు అయిపోయింది. అతను ఖాళీ గిన్నెతోనే నిలబడ్డాడు.

ఒడీల్ అతని చెయ్యి పట్టుకుని తన కారు దాకా లాక్కెళ్లింది. ముందు తలుపు తీసింది. అతను వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"ముందుకొచ్చి కూర్చోరా."

"ఇక్కడే బాగుందక్కా."

ఇల్లు దూరమేమీ కాదు. ఆమె దారంతా అద్దంలో అతన్నే చూస్తూ నడిపింది. తెచ్చేశాను, ఇంటికి తెచ్చేశాను, లోపల కూర్చోబెడితే అయిపోయినట్టే, అని తనలో తను అనుకుంటూనే ఉంది. సోలాంజ్ తలుపు తీసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి పరుగెత్తింది. ఒడీల్ గుమ్మం దాటి, నడవలోకి వెళ్లి, వెనక్కి తిరిగింది.

నోర్బేర్ బయట మెట్టు మీద నిలబడ్డాడు. తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుని, గోడకి ఒదిగి, దారి ఇచ్చి ఉన్నాడు. ఆమె వైపు చూడటం లేదు. చీకటి వైపు చూస్తూ తల ఊపుతున్నాడు, మర్యాదగా, ఒకరికి... మరొకరికి... ఇంకొకరికి...

"లోపలికి రారా," అని గొణిగింది ఒడీల్. "నీ కాళ్లు పట్టుకుంటాను. రా."

"వస్తానక్కా. వీళ్లని వెళ్లనీ."

సన్నటి నడవలో ఆమె భుజాన్ని తడి బట్ట ఏదో రాసుకుని పోయింది. తర్వాత ఇంకొకటి. నది బురద వాసన.

వంటింట్లో కుర్చీలు జరిగిన చప్పుడు. అటు తిరిగి గరిటె తిప్పుతూనే సోలాంజ్ విసుక్కుంది.

"వదినా, ఇంతమందిని తెస్తున్నావని ముందే చెప్పొద్దూ? కంచాలు చాలవు."

నోర్బేర్ ఇంకా బయటే, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.