ఎర్ర గీత చెరిపిందెవరు?

ఇలా దగ్గరకు జరగండమ్మా, చెవి ఇటు పెట్టండి. రెండు వేల ఎనిమిది, ఆగస్టు నెల మాట.

గురువారం పొద్దున్న 6.20. పాలకొల్లు అవతల అబ్బులు చెరువులో గట్టు పొడుగునా రొయ్యలు చచ్చి పడి ఉన్నాయి. ఇంకో పది రోజుల్లో పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్ముకోవాల్సిన రోజు.

ఎస్సై రామతులసి జీపు దిగింది. అబ్బులు మోకాలి లోతు నీళ్లలో నిలబడిపోయాడు.

"ఎవరి మీద అనుమానం?"

"పెదబాబు గారి మీదండి. ఆయన చెరువుకి తెల్లమచ్చ తెగులొచ్చిందంట. వెబ్‌సైట్లో ఎక్కించకుండా దాచేశారండి."

ఆ రైతులకు ఒక వెబ్‌సైట్ ఉండేది. తెగులొచ్చిన చెరువు పేరు ఎక్కిస్తే తెర మీద ఎర్ర గీత పడుతుంది. చెరువులన్నిటి నీళ్లూ కలిసేది ఒకటే డ్రైను కాబట్టి, గీత పడితే ఎవరూ ఆ డ్రైను నీళ్లు తమ చెరువులోకి తోడరు. అబ్బులు రోజూ శ్రీకాంత్ నెట్ సెంటర్‌కి వెళ్లి, గీత లేదని చూసుకున్నాకే మోటారు వేసేవాడు. సోమవారం 6.15కి చూశాడు. గీత లేదు. మోటారు వేశాడు.

రామతులసి అందర్నీ నెట్ సెంటర్‌లో కూర్చోబెట్టింది.

"ఆదివారం సాయంత్రమే ఎక్కించానమ్మా," అన్నాడు పెదబాబు. "నలుగురిలో చులకనవుతానని తెలిసీ ఎక్కించాను."

"పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, మా చెల్లి మంజుషకూనండి. సైట్ చేసింది తనే," అన్నాడు శ్రీకాంత్.

"సోమవారం కొట్టు ఎన్నింటికి తెరిచావు?"

"5.45కండి."

"తెరిచి?"

"రోజూ చేసేదేనండి. సైట్లో అప్‌డేట్ అని ఏదొస్తే అది నొక్కేసి, అప్పుడు అగరవత్తి వెలిగిస్తాను. నిన్నటి పని మిగుల్చుకుని బోణీకి కూర్చోకూడదనేవారు మా నాన్నగారు."

మంజుష ముఖం పాలిపోయింది. రామతులసి అది చూసింది. కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది.

"పెదబాబు గారి కబురు ఇదిగో. ఆదివారం 7.40. ఎవరూ చెరపలేదు. ఇక ప్రోగ్రాం ఫైళ్లు. అన్నిటికీ ఒకటే టైము, సోమవారం 5.52. చెరపాలనుకున్నవాడు ఒక్క ఫైలు ముట్టుకుంటాడు, అన్నిటినీ కొత్తవి చెయ్యడు. మంజుషా, ఎర్ర గీత ఎక్కడ రాశావు?"

"నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చే ప్రోగ్రామండి అది. దాని ఫైల్లోనే మధ్యలో నా లైన్లు రాసేశాను. తొందరగా అయిపోతుందని. అప్‌డేట్ నొక్కితే పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి వచ్చేస్తాయి, నా లైన్లు పోతాయి. విడిగా వేరే ఫోల్డర్లో పెట్టుకోవచ్చు, అక్కడైతే అప్‌డేట్ ముట్టుకోదు. అన్నయ్యకి చెప్పనైనా లేదండి."

అద్దింటి గోడ మీద పిల్లల ఎత్తులు గీసుకుంటాం చూడండమ్మా, అలాంటిదే. ఇంటాయన మంచికే సున్నం కొట్టించాడు. గీతలు పోయాయి. అదే చెక్క మీద గీసి మేకుకు తగిలిస్తే, సున్నం కొట్టినంతసేపు తీసి పక్కన పెట్టుకుందుము.

"అయితే దొంగెవరండి?"

"దొంగ లేడు అబ్బులు గారూ."

"అదేంటమ్మా! ఎవర్నో ఒకర్ని పట్టుకోండి. ఊరికే ఎలా పోతాయండి నా రొయ్యలు?"

రామతులసి పుస్తకం తెరిచింది. ఏ సెక్షన్ రాయాలో తోచలేదు. మూసేసింది.

మంజుష ఏడుస్తూనే తన లైన్లు వేరే ఫోల్డర్లోకి మార్చింది. అబ్బులు తెర దగ్గరకు జరిగాడు.

"నా చెరువు పేరు ఎక్కించమ్మా," అన్నాడు. "పక్కవాళ్లయినా తోడకుండా ఉంటారు."

ఎర్ర గీత పడింది. శ్రీకాంత్ అదే అప్‌డేట్ మళ్లీ నొక్కాడు. ఫైళ్లన్నీ మారాయి. గీత చెక్కుచెదరలేదు. దాని మీద అబ్బులు పేరు.

గుర్తుంచుకోండమ్మా. పదిమంది సొత్తులో తమ మార్పులు రాసుకునేవాళ్లు మీకు కనబడితే, ఈ చెరువు సంగతి చెప్పండి. అబ్బులు పేరు మాత్రం వదలకుండా చెప్పండి.