కాలు బయట విడిచిపెట్టి రండి

నా నోటికి అదుపు లేదని మా అమ్మ ఊరికే అనదు.

మధ్యాహ్నం రెండింటికి వదినని భోజనానికి పంపేశాను. వదినంటే మా టెక్నీషియన్, ఆఫీసు మొత్తానికీ వదినే.

"పది నిమిషాల పని, నేను చూసుకుంటాలే. మూడున్నరకి పాపని బడి నుంచి తెచ్చుకోవాలి."

"సరే, తలుపేసి పోతున్నా" అంది.

మేం చిన్న ఉపగ్రహాలు చేస్తాం. అరచేతిలో పట్టే డబ్బాలు నాలుగు ఒకదానికొకటి తగిలిస్తే ఒక ఉపగ్రహం. భూమి చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం దాని పని. పరీక్ష గదిలోకి గుండుసూదంత ఇనుము కూడా తేకూడదు. ఫోను, తాళాలు, పాపా నేనూ తలకి ఒకేలాంటివి పెట్టుకునే ఉక్కు క్లిప్పు, అన్నీ బయట ట్రేలో పెట్టాను. కొలత చెడకుండా లైటు కూడా ఆర్పెయ్యాలి. సెన్సార్ దగ్గరకి ఇనుమొస్తే బజర్ కీచుమంటుంది. తలుపుకి లోపలి పిడి ఉక్కుదని పోయిన వారం నేనే పీకించేశాను, ఇప్పుడు బయట నుంచి తీస్తేనే తలుపొస్తుంది. ఇత్తడిది ఇంకా రాలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

చీకట్లో కూర్చున్నాను. జిగురు వాసన. నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

కీచ్...

ఒక అడుగు బరువుగా పడింది. ఇంకోటి ఈడ్చుకుంటూ వచ్చింది. కీచ్...

ఆ నడక నాకు తెలుసు. ఉపగ్రహంలోంచి విచ్చుకుని సెన్సార్‌ని మోసే మడత చెయ్యి చేసింది, మేమంతా బాబాయ్ అని పిలిచే మా మెకానిక్ పెద్దాయనే. ఆయన మోకాల్లో పాతకాలపు ఉక్కు కడ్డీ ఉండేది, అది అయస్కాంతంలా మారి గుండుసూదులు కూడా అంటుకునేవి, అందుకే ఈ గదిలోకి ఎప్పుడూ రానివ్వలేదు. "ఒక్కసారి అది విచ్చుకోవడం చూడనివ్వమ్మా" అని బతిమాలారు. "మీ కాలు బయట విడిచిపెట్టి రండి, చూద్దురు గాని" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆయన పోయి ఇరవై రోజులైంది.

తలుపు మీద పడ్డాను. చేతికి పిడి ఊడిన కన్నాలే తగిలాయి.

"వదినా! తలుపు తియ్యి!"

బజర్ మెల్లగా తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు తట్టింది... సెన్సార్‌కి దూరమైందంటే, నా వైపు వస్తోంది.

"తప్పైపోయింది బాబాయ్... పాప ఎదురు చూస్తుంటుంది... నన్ను పోనివ్వండి..."

చెవి పక్కనే గుసగుస.

"ఎక్కడ విడిచిపెట్టమంటావమ్మా...?"

మోకాలికి చల్లగా ఏదో తగిలింది. నొప్పి లేదు. అడుగులు వెనక్కి వెళ్ళాయి. ఈసారి రెండూ తేలిగ్గా, సమానంగా. బజర్ మోగలేదు.

టక్... టక్... టక్... మడత చెయ్యి విచ్చుకుంటోంది.

తలుపు తెరుచుకుంది. వెలుతురుతో పాటు వదిన.

"ఒక్కదానివే ఆ మడత చెయ్యి ఎందుకు విప్పావే?"

 బడికి పరిగెత్తాను. ఒక కాలు ఎందుకో బరువుగా ఉంది. గేటు దగ్గర పాప పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు వాటేసుకుని, మోకాలికి తల ఆనించింది. ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి గింజుకుంది.

"అమ్మా... నా క్లిప్పు నీ కాలిని వదలట్లేదు."