వృత్తి గడిలో అమ్మ రాసిన మాట

"రాలేదమ్మా! ఉపకారవేతనం రాలేదు!"

కాలేజీ నుంచి వచ్చిన కాగితం పట్టుకుని కొట్టు గుమ్మంలోనే చతికిలబడిపోయింది కూతురు. ఇస్త్రీ బల్ల దగ్గర చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తున్న తల్లి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ పిల్లకి ఒక పీజీ అయింది. బడిలో రెండేళ్ళు పాఠాలూ చెప్పింది. అక్కడ మూలన కూర్చున్న ఒక చెవిటి పాపకి ఒక్క ముక్కా అందించలేకపోయానని ఏడ్చి, అలాంటి పిల్లలకి చదువు చెప్పడం నేర్పే రెండో పీజీకి దరఖాస్తు పెట్టింది. ఉన్నవే పన్నెండు సీట్లు. అందులో ఒకటి తనకొచ్చింది! కానీ ఫీజు... రెక్కల కష్టం చేసుకునేవాళ్ళ పిల్లలకిచ్చే ఆ ఉపకారవేతనమే దిక్కు. శుక్రవారంలోగా కట్టకపోతే సీటు ఇంకొకరిది.

"ఎందుకు రాలేదట?" బొగ్గుల పెట్టె పక్కన పెట్టి అడిగాడు తండ్రి.

"నీది బట్టల వ్యాపారమట నాన్నా! మన దరఖాస్తులో అలాగే ఉందట. వ్యాపారస్తుల పిల్లలకి ఇవ్వరట!"

ఆయన పగలబడి నవ్వాడు. "నేనా? ఈ కొట్లో ఇన్ని బట్టలున్నాయి, ఒక్కటీ నాది కాదే! ఏ వెధవ రాశాడట?"

తల్లి చొక్కా మడత సర్ది, మళ్ళీ సర్దింది. కుటుంబ వివరాలు తల్లిదండ్రులే నింపి, కవరు అంటించి ఇవ్వాలన్నారు. ఆయనకి రాయడం రాదు. ఐదో తరగతి దాకా చదివిన తనే, వృత్తి గడిలో గుండ్రటి అక్షరాలతో...

"నేనే రాశానండీ..."

నవ్వు ఆగిపోయింది. బొగ్గులు చిటపటమన్నాయి. "నా పని పేరు రాయడానికి నీకు సిగ్గేసిందటే?" అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండును! "ఈ చేతులు కాలితేనే కదే మనం ఇన్నాళ్ళూ తిన్నది!"

ఆమె వంగి చొక్కా మీద మళ్ళీ నీళ్ళు చిలకరించింది. అసలు సంగతి చెబితే ఇంకొకరు తల దించుకోవాలి.

మర్నాడు తల్లీకూతుళ్ళు కాలేజీ ఆఫీసుకి పరుగెత్తారు. గుమాస్తా తలెత్తలేదు.

"సంతకం మీదే కదమ్మా? నిన్న రాసింది అబద్ధం, ఇవాళ చెప్పేది నిజం అంటే మేమేం చేస్తాం? దిద్దుకునే గడువు అయిపోయింది."

"నా చేతులు చూడండి బాబూ..."

"చేతులు చూసి ఇమ్మని ఎక్కడా రాసి లేదు."

ఆమె ఆయన చొక్కా వైపు చూసింది. కాలరు దగ్గర మడత కత్తిలా ఉంది. అది చేసిన చెయ్యి మాత్రం ఆయనకెప్పుడూ కనిపించి ఉండదు!

బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాక కూతురు భళ్ళున ఏడ్చేసింది. "అంత సిగ్గయితే నన్నడగొచ్చు కదమ్మా! నా బతుకు బుగ్గి చేశావే!"

"నాకెందుకు తల్లీ సిగ్గు..." అనేసి, తల్లి చటుక్కున నాలుక కరుచుకుంది.

కూతురు ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. బట్టల వ్యాపారం... ఆ మాట ఎక్కడ విన్నది తను?

ఎనిమిదో తరగతి. బడి గేటు. అన్నం క్యారేజీతో వచ్చిన అమ్మ, చుట్టూ స్నేహితురాళ్ళు. 'మా నాన్నది బట్టల వ్యాపారం. ఈవిడ మా ఇంట్లో పనిమనిషి.' అమ్మ రెప్ప వేయలేదు. క్యారేజీ చేతికిచ్చి, 'వేడిగా ఉంది, జాగ్రత్త అమ్మాయిగారూ' అని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు!

"ఆ మాట నాదేనమ్మా... నేనన్న మాటే!"

"పెద్ద కాలేజీ కదా... అక్కడ మళ్ళీ నీకు తలవంపులెందుకని..." అంది తల్లి, బస్సు వచ్చే దారి వైపు చూస్తూ.

శుక్రవారం వెళ్ళిపోయింది. సీటూ వెళ్ళిపోయింది. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెడితే వస్తుందో రాదో ఎవరికి తెలుసు? కూతురు తండ్రికి అంతా చెప్పి, ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన భార్య వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నాడు.

ఆదివారం బట్టల మూటతో ఒకావిడ వచ్చింది. "ఈ అమ్మాయెవరు? కొత్తగా పెట్టుకున్నారా?"

"చదువుకునే పిల్లండీ, ఊరికే నిలబడింది..." అలవాటుగా కంగారుపడింది తల్లి.

"వీళ్ళ కూతుర్నండీ," అంది ఆ పిల్ల, మూట అందుకుంటూ. "మాది ఇస్త్రీ పని."

తల్లి కన్నీటి బొట్టు బల్ల మీది చొక్కాపై పడింది. కూతురు దాని మీదుగానే పెట్టె నడిపింది.