ఇరవై కిలోల వింగ్

"ఇంత పెద్ద సంచీ వీపున కట్టుకుంటే నేను మనిషిలా ఉంటానా, గుడారంలా ఉంటానా?" అన్నాడు ఐవిన్.

"ముందు నీళ్ల మీద ఉంటారు. ఎలా ఉంటారన్నది తర్వాత చూద్దాం," అంది రాగ్న.

ఓలెసున్ అనే చలి ఊరి రేవులో డైవింగ్ సామాన్ల కొట్టు రాగ్నది. శనివారాలు డైవర్లను మునిగిపోయిన ఓడల దగ్గరికి తీసుకెళ్లే పడవ ఆమె నాన్న హల్వార్‌ది. ఐవిన్ బళ్లో పిల్లలకు సంగీతం చెబుతాడు. వేసవిలో ఒక్క సిలిండర్‌తో సరదాగా మునిగినవాడు, ఇప్పుడు నడి చలికాలంలో లోతుకు దిగుతానని పంతం పట్టి వచ్చాడు. వీపుకీ సిలిండర్లకీ మధ్య ఉండే గాలిసంచీ పేరు వింగ్. దాన్ని ఊదితే మనిషి తేలతాడు. పేచీ అంతా దాని దగ్గరే వచ్చింది.

"అసలు రెండు సిలిండర్లు ఎందుకు?"

"చలికి ఒకదాని గాలి అందించే రెగ్యులేటర్ గడ్డకట్టి గాలంతా బుసబుసా పోతే? రెండోది ఉండాలి. స్టీలువే తీసుకోండి. అల్యూమినియంవి ఖాళీ అయ్యేకొద్దీ తేలికైపోయి మిమ్మల్ని పైకి లాగేస్తాయి."

"సరే, స్టీలే. వింగ్ మాత్రం చిన్నది చాలు. నీళ్లు చొరని డ్రై సూట్‌లో గాలి ఉంటుందిగా, అదే తేలుస్తుంది."

"సూట్‌లోకి నీళ్లొస్తే?"

"ఎందుకొస్తాయి?"

"వస్తే?"

"ఎవరైనా పెళ్లికి పిలిచినా, వాన పడితే అని అడుగుతారా మీరు?"

"అడుగుతాను. ఈ ఊళ్లో పడుతుంది కూడా."

ఐవిన్ పకపకా నవ్వేశాడు. ఆ నవ్వుకి రాగ్న చేతిలోని బకిల్ జారి కిందపడింది. అయినా పట్టు విడవకుండా ఇరవై కిలోలు తేల్చే వింగే అంటగట్టింది. అతను గొణుక్కుంటూనే తీసుకున్నాడు.

శనివారం సన్నటి వాన. ఐవిన్‌కి జోడీగా దిగేది రాగ్నే. డ్రై సూట్ జిప్పు వెనక భుజాల మీదుగా అడ్డంగా ఉంటుంది, ఎవరిది వాళ్లు వేసుకోలేరు. జోడీగా దిగేవాళ్లే వేయాలి. ఐవిన్ వెనక్కి తిరిగి తల వంచాడు.

"మీ చేతులు చల్లగా ఉన్నాయి."

"మీ పాఠాలు వినే పిల్లలకంటే ఓపిగ్గా ఉన్నాయి. కదలకండి."

"ఈ 'మీరు' మానేద్దామా?"

"మానేశాను. నిలబడు," అంది రాగ్న, జిప్పు లాగుతూ.

సిలిండర్లూ వింగూ తగిలించుకుని దూకారు. నీళ్లలో పడగానే ఐవిన్ వీపున చురుక్కుమంది. చలికాలం ఇంతేనేమో అనుకున్నాడు. కాస్త లోతుకు వెళ్లేసరికి నడుము, తొడలు, పాదాలు, అన్నీ మంచైపోయాయి. సూట్‌లోకి గాలి వదిలితే అది వెనక నుంచి బుడగలై పారిపోతోంది. ఐవిన్ కిందికి జారిపోసాగాడు. ఛాతీ మీద చేత్తో తడుముకున్నాడు. ఎలాగో వింగ్‌ని ఊదే బటన్ దొరికింది. వింగ్ నిండింది. జారడం ఆగింది. ఈలోపు రాగ్న అతని పట్టీ దొరకబుచ్చుకుంది. మెల్లగా ఇద్దరూ పైకొచ్చారు. రెండు స్టీలు సిలిండర్ల బరువున్నా, వింగ్ అతని గడ్డం మునగనివ్వలేదు.

పడవలో దుప్పట్లు కప్పి, కాఫీ, చీజ్ పెట్టిన వాఫిల్ అట్టు ఇచ్చారు. హల్వార్ పడవలో ఒక ఆనవాయితీ ఉంది. తప్పు జరిగితే, చేసినవాళ్లు కాఫీ దగ్గర అందరి ముందూ చెప్పాలి, ఎందుకు జరిగిందో కూడా చెప్పాలి. ఎవరూ తిట్టరు. దాచడం మాత్రం కుదరదు.

"థాంక్స్ రాగ్నా," అన్నాడు ఐవిన్, పళ్లు టకటకలాడుతుంటే. "ఆ వింగ్ కోసం నీతో పోట్లాడాను. అదే లేకపోతే ఈ వాఫిల్ ఇంకెవరో తినేవాళ్లు."

రాగ్న మొహం పాలిపోయింది. "నాకు చెప్పకు. జిప్పు బెత్తెడు తెరిచి వదిలింది నేనే."

పడవలో మిగతా డైవర్లు ఇటు తిరిగారు. హల్వార్ కప్పు కింద పెట్టాడు.

"చూసుకోలేదా అమ్మా?"

"లేదు నాన్నా."

"మరేం చూశావు?"

కావాలంటే రాగ్న ఆ తప్పుని చలి మీద నెట్టేయొచ్చు. వాన మీద నెట్టేయొచ్చు. నిజం చెబితే ఐవిన్ ఇక ఈ పడవ ఎక్కడు, తన మొహం చూడడు. కానీ ఇక్కడ అబద్ధం చెబితే రేపు ఇంకొకరి ప్రాణం మీదికొస్తుంది. రాగ్న కళ్లు నేలకి దించింది.

"మెడ చూశాను. ఐవిన్ మెడ. చూస్తూ చూస్తూ జిప్పు వేసేశాననుకున్నాను." ఐవిన్ వైపు తిరిగింది. "ఐవిన్, నువ్వు ఇంకో జోడీని చూసుకో."

ఎవరో దగ్గారు. ఐవిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు ఇంకెవరూ వద్దు," అన్నాడు. "నేను కాదు పొమ్మన్నా నా ప్రాణం గురించి ముందే ఆలోచించావు. తప్పు జరిగితే నాన్న ముందే ఒప్పుకున్నావు. ఇలాంటి మనిషి నాకు ఎక్కడ దొరుకుతుంది? నేను చెప్పిన థాంక్స్ నీ దగ్గరే ఉంచుకో. నువ్వంటే నాకు ప్రేమ. ఈ వణుకు చలికి, ఆ మాటకి కాదు."

రాగ్నకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అతని చలి చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

హల్వార్ ఐవిన్ కప్పు అంచుదాకా కాఫీ నింపాడు.

"రాగ్నా, ఇకమీదట ముందు జిప్పు చూడు," అన్నాడు. "మెడ ఎక్కడికీ పోదు."