ఏడుపు ఆగేదాకా

కర్నల్ జానిబెక్ ఆ ఫోను లాక్కోకుండా ఉంటే ఎలెబెస్ తండ్రి బతికేవాడు. బిష్కెక్ పోలీసు ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పడు.

"అల్మాటీలో నువ్వు పోలీసువి కాదు, కంప్యూటర్లు బాగుచేసేవాడివి. సొంత ఫోను ఇక్కడే ఉంచు," అన్నాడు కర్నల్, ఎలెబెస్‌ను దొంగపేరుతో ముఠాలోకి పంపేటప్పుడు.

సరిహద్దు అవతల, కజక్ దేశపు అల్మాటీలో దౌలెత్ ముఠా పని చావు కబుర్లు పంపడం. దొంగిలించిన వాట్సాప్ ఖాతాల నుంచి "మీవాడు పోయాడు, శవాన్ని పంపాలంటే డబ్బు కావాలి" అని కిర్గిజ్ పల్లెలకు మెసేజ్ వెళ్తుంది. చావు కబురు విని "నిజమేనా?" అని ఎదురడిగే మనిషి ఆ పల్లెల్లో ఉండడు. ఉన్నదంతా పంపేస్తాడు.

ముఠా లెక్కలన్నీ ఉన్న సర్వర్ కజక్ నేల మీద ఉంది. అక్కడి జడ్జి ఆర్డర్ లేకుండా ముట్టుకుంటే కేసు చెల్లదు. ఈలోగా ముఠా దాన్ని చెరిపేస్తే బాధితులకు పైసా రాదు.

ముఠా క్యాషియర్ రౌషన్‌ది ఖరీదైన సెంటు, ఎర్ర గోళ్లు, కర్నల్ దగ్గర రెండో జీతం. ఎలెబెస్‌కు చాయ్ అందిస్తూ "పాలు విరిగాయి," అంది. అది కోడ్. దౌలెత్‌కు అనుమానం వచ్చిందని దాని అర్థం.

"ఆర్డరో?" అన్నాడు ఎలెబెస్.

"జడ్జి సంతకం అయింది. పోలీసులు దారిలో ఉన్నారు." గొంతు తగ్గించింది. "అన్నా... మొన్న వీళ్లు పంపిన మెసేజ్‌లలో పోయినవాడిగా నీ పేరుంది. మీ నాన్న కర్నల్ దగ్గరున్న నీ ఫోనుకు ఫోన్ మీద ఫోన్ చేశాడట, ఎవరూ ఎత్తలేదు. గుర్రాన్ని అమ్మి డబ్బు పంపాడు. నీ శవం కోసం వాకిట్లో ఎదురుచూస్తూ అక్కడే కూలిపోయాడు. నీకు చెప్పొద్దన్నాడు కర్నల్."

లోపల్నుంచి దౌలెత్ అరిచాడు. "ఒరేయ్, అంతా చెరిపెయ్!"

ఆపరేటర్ వేలు మీట మీదికి వెళ్లింది.

తండ్రి పోతే కిర్గిజ్ మగవాళ్లు శోకం పెట్టే తీరులో, ఎలెబెస్ నడుముకు చేతులు ఆనించి, ముందుకు వంగి, గొంతెత్తాడు. "అయ్యో నా తండ్రీ! నా కొండంత తండ్రీ!"

గదంతా లేచి నిలబడింది. తండ్రి కోసం మగవాడు అలా ఏడుస్తుంటే పని చేసుకోవడం ఆ నేల మీద పుట్టినవాళ్లకు చేతకాదు. మీట మీది వేలు వెనక్కి వచ్చింది.

"వీడికి ఏడవడానికి ఇప్పుడే దొరికిందా!" దౌలెత్ పళ్లు నూరాడు.

"ఊరుకో అన్నా. తండ్రి పోయాడంట, కనబడట్లా?" అన్నాడు ఆపరేటర్.

చేసేది లేక దౌలెత్ కూడా అరచేతులు చాచి ప్రార్థన మొదలుపెట్టాడు, గబగబా. ఆమీన్ అనేలోపు పోలీసులు తలుపు విరగ్గొట్టారు.

"భలే నటించావురా," అన్నాడు దౌలెత్, బేడీలు పడుతుంటే. ఎలెబెస్‌కు వినపడలేదు. ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

రెండు దేశాల కోర్టులూ కలిసి బాధితుల డబ్బు తిరిగి ఇప్పించాయి. ఎలెబెస్ తండ్రి పేరున పెట్టిన అర్జీ ఒక్కటే వెనక్కి వచ్చింది. డబ్బు పంపినవాడు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట.

"రూలు కదయ్యా," అన్నాడు జానిబెక్, ఫోను తిరిగిస్తూ.

తిరిగి రానిది ఒక గోధుమరంగు ఆడగుర్రం వెల. కిర్గిజ్ డబ్బులో తొంభై నాలుగు వేల సోమ్‌లు.